పాత పాస్‌పోర్టు మనిషి, కొత్త పాస్‌పోర్టు మనిషి: గ్వాంగ్‌జౌలో నా అనుభవం

నిన్న సాయంత్రం నా బ్యాంకు ఖాతా మళ్లీ తెరుచుకుంది. ఆగిపోయిన జీతం చేతికొచ్చింది, ఓనరమ్మకి అద్దె పంపేశాను. కోపం ఇంకా చల్లారలేదు. చైనాలో ఉంటూ పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకోబోయే మనవాళ్లకి పనికొస్తుందని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

మన పాస్‌పోర్టు కొత్తది వస్తే నంబరు కూడా మారుతుంది. ఇక్కడేమో ఫోన్, బ్యాంకు, డబ్బు కట్టే యాప్‌లు వీచాట్, అలీపే, రైలు టికెట్ల ఖాతా, వర్క్ పర్మిట్, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. చైనా వాళ్ల ఐడీ నంబరు పుట్టిన దగ్గర్నుంచి చివరిదాకా ఒక్కటే. అందుకని నంబరు మారిన మనిషి అంటే వాళ్ల కంప్యూటర్లకి వేరే మనిషే.

నా విషయంలో పేరు కూడా మారింది. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలోనే ఉండేది. తెలుగువాళ్లలో చాలామందికి ఇలాగే ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ, ఇలా ఒక గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమని చెప్పింది. కంపెనీ పని మీద నేను దుబాయ్ వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి కొత్తదాంట్లో ఇంటిపేరు విడిగా రాయించాను. అది సరైన పనే. ఇంకెవరు అడిగినా అలాగే చేయించుకోమంటాను. కాకపోతే పాతదాంట్లో చివర ఉన్న ఇంటిపేరు, కొత్తదాన్ని మెషీన్ మీద పెట్టగానే ముందుకి వచ్చేస్తుంది.

ఇక్కడి మన ఇండియా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు పని సాఫీగా అయిపోయింది. ఫొటో కొలతలు మాత్రం కాగితం మీద రాసుకెళ్లి స్టూడియో వాళ్లకి ఇవ్వండి. తర్వాత మా ఏరియా పోలీస్ స్టేషన్‌లో నివాసం నమోదు, అదీ టీ తాగినంత సేపే.

రెసిడెన్స్ పర్మిట్ విషయంలో తాత్సారం చేయకండి. వివరాలు మారిన 10 రోజుల్లోపు మార్పుకి దరఖాస్తు పెట్టాలని ఇక్కడి చట్టం. ఆ ఆఫీసు వాళ్లు మర్యాదగా మాట్లాడారు, ఏ కాగితం కావాలో ఒకేసారి చెప్పారు. పని అయ్యేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, మన చేతికి రసీదు ఇస్తారు. వర్క్ పర్మిట్ సంగతి మా హెచ్‌ఆర్ వాళ్లు చూసుకున్నారు. ఫోన్ సిమ్ మాత్రం వీధి చివర చిన్న షాపులో మారదు. తియు షీలు మెట్రో స్టేషన్ దగ్గరి పెద్ద షోరూంకి వెళ్లాను, రెండు పాస్‌పోర్టులూ చూసి మార్చేశారు.

ఇక బ్యాంకు. పేరు రాయను గానీ, జీతం ఖాతా ఉన్న పెద్ద బ్యాంకే.

పాస్‌పోర్టు రెసిడెన్స్ పర్మిట్ ఆఫీసులో ఉండగానే, బ్యాంకు రికార్డులో పాతదాని గడువు దాటింది. ఖాతా ఆగిపోయింది. దానితోపాటే ఆ కార్డు మీద నడిచే వీచాట్ పే ఆగింది. జేబులో నోట్లు పెట్టుకు తిరిగే అలవాటు ఇక్కడ ఎప్పుడో పోయింది. కూరగాయల దగ్గర్నుంచి మెట్రో దాకా అన్నీ ఫోన్‌తోనే. అప్పటికి మన ఇండియా బ్యాంకు వీసా కార్డుని అలీపేకి కలుపుకుని రోజులు నెట్టుకొచ్చాను. 200 యువాన్లు దాటిన ప్రతి కొనుగోలు మీద 3 శాతం అదనంగా పడుతుంది. పైగా ఆ కార్డుతో మనుషులకి డబ్బు పంపడం కుదరలేదు, అంటే అద్దె కట్టలేకపోయాను. ఓనరమ్మ మంచి మనిషి కాబట్టి ఓపిక పట్టింది.

పాస్‌పోర్టు చేతికి రాగానే, మా ఆఫీసు కుర్రాణ్ణి తోడు తీసుకుని బ్రాంచికి వెళ్లాను. కౌంటర్ అమ్మాయి రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి మేనేజర్ని పిలిచింది. మన పాస్‌పోర్టు చివరి పేజీలో పాత పాస్‌పోర్టు నంబరు అచ్చు వేసి ఉంటుంది కదా, అది చూపించాను. ఆయన ఏమన్నాడంటే: "ఇక్కడ పాత నంబరు ఉంది గానీ పాత పేరు లేదు. ఆ నంబరు మనిషీ ఇతనూ ఒకరేనని మాకేం తెలుసు?"

ముఖం చూడమన్నాను. పాత ఫొటోలో గడ్డం లేదు, ఇప్పుడుంది. పుట్టిన తేదీ, ఊరు, అమ్మానాన్నల పేర్లు రెండింటిలోనూ ఒకటేనని వేలు పెట్టి చూపించాను. ఆయన నా వైపు చూడలేదు. నేను చైనీస్‌లో మాట్లాడుతుంటే జవాబు మా కుర్రాడికి చెప్పాడు. "ఇండియా వాళ్లకి ఒక్క పేరు ఉండదా?" అని క్యూలో అందరికీ వినపడేలా అడిగాడు. పక్కవాళ్లు నవ్వారు. సెక్యూరిటీ అతను వచ్చి కౌంటర్ ముందు కుర్చీలోంచి నన్ను లేపి, వెనక నిలబడమన్నాడు. ఏళ్ల తరబడి ఈ ఊళ్లో పన్ను కడుతున్నాను. ఒక్క కాగితం తప్పు లేదు. నా జీతం నేను తీసుకోవడానికి దొంగలా నిలబడాల్సి వచ్చింది. మా కుర్రాడు నా ముఖం చూడలేక నేల చూస్తున్నాడు. ఆ పూట తిండి సయించలేదు.

రెండు పేర్లూ ఒకే మనిషివని కాన్సులేట్ నుంచి రాయించుకు రమ్మన్నారు. తెచ్చాను. ఇంగ్లీషులో ఉంది, చైనీస్ అనువాదం కావాలి, దాని మీద అనువాద కంపెనీ ఎర్ర ముద్ర ఉండాలి అన్నారు. అదీ చేయించాను. ఆ అనువాదకుడు నా పేరుని చైనీస్ అక్షరాల్లోకి మార్చి రాశాడు. కౌంటర్‌లో చూసి, "ఈ మూడో పేరు ఎవరిది?" అన్నారు! వాళ్ల రికార్డులో చైనీస్ అక్షరాల పేరు లేదట. మొదటిరోజే అన్నీ ఒకేసారి చెప్పి ఉంటే ఎవరి సొమ్ము పోయేది? నియమం ఉండటం తప్పు కాదు. నకిలీ ఖాతాలతో జనాన్ని మోసం చేసేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి బ్యాంకులు గట్టిగా చూస్తాయి, ఒప్పుకుంటాను. కానీ మనిషిని కూర్చోబెట్టి మర్యాదగా చెప్పడానికి ఏ నియమం అడ్డొస్తుంది?

ఆ రాత్రి 12378కి ఫిర్యాదు ఎలా పెట్టాలో కనుక్కున్నాను. బ్యాంకులు, ఇన్సూరెన్స్ మీద ఫిర్యాదులకి చైనా ప్రభుత్వం పెట్టిన నంబరు అది. మర్నాడు ఎవరి సాయమూ లేకుండా నా చైనీస్‌తో నేనే మాట్లాడాను. ఏ రోజు ఎవరు ఏమన్నారో, ఏ కాగితం అడిగారో, కుర్చీలోంచి లేపడంతో సహా వరసగా చెప్పాను. ఇన్నాళ్లూ రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్న భాష ఆ రోజు నా వెనక నిలబడింది. ఈ విషయంలో నాకు గర్వంగానే ఉంది, దాచుకోను. తర్వాత బ్రాంచి హెడ్డే ఫోన్ చేసి రమ్మన్నాడు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి అనువాదం మళ్లీ చేయించి పట్టుకెళ్లాను. ఈసారి కూర్చోబెట్టారు, మంచినీళ్లు ఇచ్చారు, పాత సంతకం ఒకచోట, కొత్త సంతకం ఒకచోట పెట్టించుకుని పని పూర్తి చేశారు. ఆ మేనేజర్ మాత్రం కనపడలేదు, సారీ కూడా చెప్పలేదు.

నేను గట్టిగా చెప్పేది ఇది. ఇంటిపేరు విడదీయించుకుంటే, కొత్త పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే, రెండు పేర్లూ ఒకే మనిషివన్న సర్టిఫికెట్‌కీ కాన్సులేట్‌లో అర్జీ పెట్టండి. అనువాదకుడికి పేరు ముట్టుకోవద్దని ముందే చెప్పండి. పాత పాస్‌పోర్టు ఎవరికీ వదిలేయకండి. పాతదాని గడువు బ్యాంకు రికార్డులో ముగిసేలోపే అంతా అయ్యేలా, నెలల ముందు మొదలుపెట్టండి. వీలైతే జూజ్యాంగ్ న్యూ టౌన్ లాంటి, విదేశీయులు ఎక్కువగా వచ్చే చోట బ్రాంచికి వెళ్లండి. ఏజెంట్లు ఈ పనికి అడిగే డబ్బు వింటే కళ్లు తిరుగుతాయి, వాళ్లూ చివరికి మనల్నే కౌంటర్ ముందు నిలబెడతారు.

వీచాట్, అలీపేల్లో పాస్‌పోర్టుల ఫొటోలు అప్‌లోడ్ చేస్తే సరిపోయింది. రైలు ఖాతా కూడా మారింది.

ఇక మిగిలింది సోషల్ ఇన్సూరెన్స్, అంటే పెన్షన్ లాంటివాటికి జీతంలోంచి కట్టేది. 2011 అక్టోబరు నుంచి ఇక్కడ విదేశీ ఉద్యోగులు కూడా అది కట్టాలి. పెన్షన్‌కి మన వాటా 8 శాతం. దేశం వదిలి వెళ్లేటప్పుడు మన వ్యక్తిగత ఖాతాలో ఉన్నది తీసుకోవచ్చు, కానీ రికార్డులో పాత పేరే ఉంటే అక్కడ మళ్లీ ఇదే గొడవ. సోమవారం రెండు పాస్‌పోర్టులూ, ముద్ర వేసిన అనువాదమూ పట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్తున్నాను. గ్వాంగ్‌జౌలో ఎవరైనా ఇది ఇప్పటికే చేయించుకుని ఉంటే, ఇంకేం కాగితాలు అడిగారో దయచేసి చెప్పండి.