ఏటి ఒడ్డున చెవి ఒగ్గి

అడవి అంచున బండి దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. సంచిలో రికార్డర్, మైకులు, గాలి హోరు తగలకుండా వాటికి వేసే బొచ్చు తొడుగులు, నీళ్లలో దించే హైడ్రోఫోన్ ఉన్నాయి. వాటి కింద దళసరి కాగితాలు, బొగ్గు కడ్డీలు. నేను బొమ్మలు వేస్తాను. చెవిన పడేదాన్ని గీయాలనే ఈసారి బయలుదేరాను.

వేకువనే చేరాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. గాలి ఆడని రాత్రుల్లో నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలికన్నా చల్లగా ఉంటుంది. అప్పుడు ధ్వని పైకి చెదిరిపోకుండా నేలవైపే వంగుతుంది. ఎక్కడో దూరాన కూసిన పిట్ట కూడా పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. ఎండ ఎక్కాక ఆ వీలు ఉండదు.

ఏటి ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాను. మొదట హోరు తప్ప ఏమీ తెలియలేదు. కదలకుండా వింటూ ఉంటే ఆ హోరే పాయలు పాయలుగా విడిపోసాగింది. ఎడమవైపు రాళ్ల సందుల్లో నీరు సన్నగా గలగలలాడుతోంది, కుడివైపు మడుగులోకి దూకే చోట గొంతు బొంగురుపోయింది. నీటిలో చిక్కుకున్న గాలి బుడగలు కంపించడం వల్లే ఆ సవ్వడిలో చాలా భాగం పుడుతుంది. చిన్న బుడగది హెచ్చు స్థాయి, అంటే సన్నటి గొంతు; పెద్దదానిది తగ్గు స్థాయి, అంటే బొంగురు గొంతు. హైడ్రోఫోన్ దించితే పైన వినపడనిది వినిపించింది: అడుగున గులకరాళ్లు ఒకదానికొకటి తగులుతూ దొర్లే టకటక. అంత చిన్న ఏరు తన నేలను రాత్రింబవళ్లు ఇలా అరగదీసుకుంటోందా అని ఒళ్లు పులకరించింది.

వెలుగు రాకముందే ఒక పిట్ట మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకటి, ఆ వెనుక ఎన్నో. కీచురాళ్ల రొద వాటి మీదుగా ఎడతెగకుండా సాగింది. కాగితం నడుమ నేనున్న చోట చుక్క పెట్టి, ఏ దిక్కు నుంచి వచ్చిన గొంతుకు ఆ దిక్కున గీత గీస్తూ పోయాను. దగ్గరివి ముదురుగా, దూరానివి లేతగా. కాసేపటికి గీతలు ఒకదాన్నొకటి తొక్కడం లేదని గమనించాను. ఒక చోట చిరకాలంగా కలిసి బతికే ప్రాణులు స్థాయినీ సమయాన్నీ పంచుకుని పలుకుతాయని ధ్వని పరిశోధకుడు బెర్నీ క్రాస్ ప్రతిపాదించారు. కాలిఫోర్నియాలోని లింకన్ మెడోలో ఏరిన చెట్లను మాత్రమే కొట్టడానికి ముందు 1988లో ఒకసారి, కొట్టాక మరుసటి ఏడాది మరోసారి ఆయన శబ్దాలు పట్టారు. చూపుకు ఆ చోటు మారినట్టే లేదు, పిట్టల పాట మాత్రం చాలావరకు పోయింది. ప్రకృతిని గీసేవాళ్లందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. మన కన్ను పచ్చదనం చూసి సరిపెట్టుకుంటుంది.

నడుమ ఒక విమానం పోయింది. చాలామంది రికార్డింగులో అలాంటి చోటు కోసేస్తారు. నేను ఉంచాను. ఆ ఉదయం అక్కడ అదీ ఉంది. కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే నిలకడైన గీతగా వేశాను.

విన్నది విన్నట్టు దింపడం కళ కాదని ఇంటికి వచ్చి రంగులు కలుపుతున్నప్పుడు మరింత గట్టిగా అనిపించింది. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ పిట్టల పాటలను ఆరుబయట చెవితో విని స్వరాలు రాసుకునేవారు. పిట్ట వేగాన్నీ ఎత్తునీ వాద్యం అందుకోలేదు కనుక నడక తగ్గించి, స్థాయి దించేవారు. ఆయనకు పిట్టల మీద ఉన్న ప్రేమ ఆ మార్పుల్లోనే నాకు కనిపిస్తుంది. నా బొమ్మలో పిట్టలు లేవు. కింద ఏటి హోరు నల్లటి పట్టీ, పైన కీచురాళ్ల సన్నటి గీత, నడుమ ఒకదానికొకటి చోటిచ్చుకునే పొట్టి గీతలు. ఏ గీత ఎక్కడ ఆగాలో రికార్డింగు మళ్లీ మళ్లీ విని తేల్చుకున్నాను.

వానలు పడ్డాక అదే బండ దగ్గరికి వెళ్లాలి. అప్పటికి ఏరు గొంతు పెంచుతుంది. పిట్టలు స్థాయి మారుస్తాయో, ఒడ్డు వదిలి వెనక్కి జరుగుతాయో విని, ఆ రెండో బొమ్మ మొదలుపెడతాను.