మణికట్టు పట్టీ తీసేశాక

ఈరోజు ఈత సాధనలో సగం సేపు ప్యాడిల్స్‌తోనే, అంటే అరచేతులకు తొడుక్కునే ప్లాస్టిక్ పలకలతోనే గడిచింది. మధ్యవేలి పట్టీ ఉంచి, మణికట్టు పట్టీలు రెండూ తీసేశాను. కొంతకాలంగా ఇలాగే ఈదుతున్నాను. ఇక వాటిని మళ్ళీ తగిలించే ఉద్దేశం కూడా లేదు.

ఒళ్ళు వేడెక్కేదాకా ప్యాడిల్స్ జోలికి వెళ్ళను. ముందు నింపాదిగా ఫ్రీస్టైల్, తర్వాత కాసేపు వెల్లకిల ఈత. భుజాలు వదులయ్యాయని అనిపించాకే వాటిని చేతికి తొడుక్కుంటాను. నావి చిన్నవి, అరచేతికి చుట్టూ అరవేలు వెడల్పు మాత్రమే బయటికి వస్తాయి. ఆ కాస్త తేడాకే నీరు ఎంత బరువెక్కుతుందో! గాలికన్నా నీరు దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. పైగా చేయి వేగం రెట్టింపైతే నీటి నిరోధం నాలుగింతలవుతుంది. అరచేతి వైశాల్యం పెంచుకున్నామంటే ఆ భారమంతా చివరికి భుజం కీలు చుట్టూ ఉన్న చిన్న కండరాల మీదే పడుతుంది. అందుకే పెద్ద ప్యాడిల్స్ అంటే నాకు మొదటినుంచీ సరిపడదు. వీపు పక్కన, చంక కింద కండరాలు అలసిపోతే సంతోషిస్తాను. భుజం ముందు భాగంలో చిన్న పోటు వచ్చినా ఆ క్షణమే విప్పి గట్టు మీద పెట్టేస్తాను. ఈ విషయంలో కోచ్ చెప్పేదాకా ఆగను.

చేతికి పలక తొడుక్కుని ఈదాలన్న ఆలోచన చాలా పాతది. అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నతనంలోనే కోలగా ఉండే రెండు చెక్క పలకలు చేసుకున్నారు. సుమారు 10 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, బొటనవేలు దూర్చడానికి ఒక రంధ్రం. వాటితో వేగంగా ఈదగలిగానని, అయితే మణికట్లు అలసిపోయేవని పెద్దయ్యాక ఒక లేఖలో రాశారు. అంతర్జాతీయ ఈత హాల్ ఆఫ్ ఫేమ్ 1968లో ఆయన పేరు చేర్చుకుంది. 10 అంగుళాల పలక అంటే పెద్దవాళ్ళ చేతికే ఎక్కువ, ఇక పిల్లవాడి మణికట్టు అలసిపోకుండా ఎలా ఉంటుంది?

ఇవాళ మా లేన్‌లో ఉన్న అమ్మాయి నా చేతులకేసి చూసి, "అక్కా, మణికట్టు దగ్గర ఏమీ లేకపోతే ఊడిపోవా?" అని అడిగింది. తన చేతికి ఉన్నవి బాగా పెద్దవి, రెండు పట్టీలూ బిగించి ఉన్నాయి. వాటితో చాలా వేగంగా వెళ్తున్నానని ఉత్సాహంగా చెప్పింది. నిజమే, ఎవరైనా వెళ్తారు. కానీ పోటీలో ప్యాడిల్స్ పెట్టుకోనివ్వరు, అక్కడ ఉత్త చేతులతోనే ఈదాలి. ఆ మాటే చెప్పి, నావి విప్పి ఇచ్చాను. "ఊడిపోతే ఊడిపోనివ్వు, ఎక్కడ ఊడిందో గుర్తుపెట్టుకో చాలు" అన్నాను. తను గోడను తన్ని బయలుదేరగానే నేను పక్కనే నీటిలో మునిగి చూస్తూ వెళ్ళాను.

కుడిచేయి చూడముచ్చటగా ఉంది. వేళ్ళ కొనలు ముందుగా నీటిలోకి దిగాయి, మోచేయి పైనే నిలిచింది, ముంజేయి మెల్లగా నిటారుగా వాలింది. అరచేయి వెనక గోడ వైపు తిరిగి ఉంది కాబట్టి నీరే ప్యాడిల్‌ను చేతికి అదిమి పట్టుకుంది. తుంటి దాటేదాకా అది ఇసుమంత కదలలేదు. ఎడమచేయి వేరు. తను కుడివైపు ఊపిరి తీసుకుంటుంది. తల తిప్పిన ప్రతిసారీ ముందుకు చాచిన ఎడమచేయి నిటారుగా కిందికి నొక్కుకుపోతోంది, తలను పైకి నిలబెట్టడానికి దాన్ని ఊతంగా వాడుకుంటోందన్నమాట. మోచేయి జారింది, చిటికెనవేలి వైపు ప్యాడిల్ అంచు కొద్దిగా తెరుచుకుంది, ఆ సందులోంచి సన్నని బుడగల వరుస పైకి లేచింది. మరుక్షణం పలక అరచేతిని వదిలేసి మధ్యవేలికి వేలాడింది.

మణికట్టు పట్టీ ఉండి ఉంటే ఇదేదీ కనిపించేది కాదు. చేయి ఎలా దిగినా, ఎటు తిరిగినా పలక దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. బలం పెట్టి లాగేస్తాం, ముందుకు వెళ్తాం, అంతా బాగుందనుకుంటాం. భుజానికి మాత్రం ప్రతి బారలోనూ మెలి పడుతూనే ఉంటుంది. బొటనవేలు ముందుగా దిగేలా చేయి తిప్పి నీటిలో వేసేవాళ్ళకైతే ఇంకా ప్రమాదం. భుజం పైభాగంలోని స్నాయువు ఎముక కింద నలుగుతుంది, ప్యాడిల్ ఆ నలుగుడును పెంచుతుంది. బలం కోసమే ప్యాడిల్స్ అనేవాళ్ళతో నేను ఎప్పటికీ ఏకీభవించలేను. బలానికి వేరే కసరత్తులు ఉన్నాయి. చేయి నీటిని ఎక్కడ పట్టింది, ఎక్కడ వదిలేసింది అన్నది అక్కడికక్కడే చెప్పగలిగేది ఇదొక్కటే.

గోడ దగ్గర ఆగాక, ప్యాడిల్ సంగతి పట్టించుకోవద్దని, తల మళ్ళీ నీటిలోకి వచ్చేదాకా ఎడమచేతిని ముందుకే చాచి ఉంచమని మాత్రం చెప్పాను. తిరుగు ప్రయాణంలో ప్యాడిల్ ఒకటి రెండుసార్లు కదిలింది గానీ ఊడలేదు. అవతలి గోడ దగ్గర తన ముఖంలో కనిపించిన సంబరం చూసి నాకు కడుపు నిండిపోయింది.

ప్యాడిల్స్‌కు తోడు పుల్ బాయ్, అంటే కాళ్ళు తేలేలా తొడల మధ్య ఇరికించుకునే నురగ దిమ్మ, జోడించమని కొందరు అంటారు. నేను ఇవాళ పెట్టుకోలేదు. కాళ్ళు వాటంతట అవే తేలిపోతే నడుము తిరగడంలోని లోపం తెలియదు.

అసలు ఆనందం ప్యాడిల్స్ విప్పాకే. మొదటి ల్యాప్‌లో చేతులు మరీ చిన్నవైపోయినట్టు, వేళ్ళ సందుల్లోంచి నీరంతా జారిపోతున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి బారలు వేగంగా వేయకూడదు. కాసేపు పిడికిళ్ళు బిగించి ఈదాను. అరచేయి లేనప్పుడు ముంజేయే నీటిని వెతుక్కుంటుంది. తర్వాత పిడికిలి విప్పగానే మోచేతి నుంచి వేళ్ళ కొనల దాకా మొత్తం ఒకే తెడ్డులా నీటికి ఆనింది. ల్యాప్‌కు వేసే బారలు తగ్గాయి, ఊపిరి కూడా తేలికపడింది. ఈ అనుభూతి కొద్ది ల్యాప్‌ల పాటే బలంగా ఉంటుంది, అందుకే ఆ సమయాన్ని మాటలతో వృథా చేయను. ప్యాడిల్స్‌తో ఎంత ఈదానో అంతకు తక్కువ కాకుండా ఉత్త చేతులతో ఈదాకే గట్టెక్కాను.

ఆఖర్లో లేన్ నిండిపోయింది. జనం ఉన్నప్పుడు ప్యాడిల్స్ వద్దన్నది కోచ్ నియమం. ఎదురొచ్చేవాళ్ళ వేళ్ళకు ఆ ప్లాస్టిక్ అంచు తగిలిందంటే ప్రాణం పోయినంత పని అవుతుంది. ఆ అమ్మాయి తన పెద్ద జతను సంచిలో పెట్టేసి, ఎలాంటివి కొనమంటావని అడిగింది. అరచేయి దాని మీద పెట్టి చూడు, వేళ్ళు దాటి ఎక్కువగా బయటికి కనిపిస్తే వద్దు అని చెప్పాను. వచ్చే వారం ఎడమవైపు ఊపిరి తీసుకుంటూ ప్రయత్నిస్తానంది. అప్పుడు కుడిచేయి ఏం చేస్తుందో చూడాలి.

ఇంటికొచ్చి మంచినీళ్ళతో ప్యాడిల్స్ కడుగుతుంటే మధ్యవేలి రబ్బరు గొట్టం మీద సన్నని పగులు కనిపించింది. క్లోరిన్ నీటికి రబ్బరు ఎక్కువ కాలం ఆగదు. రేపు కొత్త ముక్క కోసి, వేలికి మరీ బిగుతుగా కాకుండా అమర్చాలి.