చుట్టుపక్కల మనవాళ్ళున్నారా?

మా అమ్మకి నా ఉద్యోగం ఇప్పటికీ అంతుపట్టదు. "పిట్టల్ని లెక్కెట్టడానికి అంత దూరం ఎల్లాలేటి? మన తేలినీలాపురానికి ఏటా వస్తాయి కదా" అంటుంది. నిజమే. టెక్కలి దగ్గరి ఆ ఊళ్ళో గూడబాతుల్ని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. నేను వేసవంతా గడిపేది అమెరికాలో, మెయిన్ రాష్ట్రపు తీరాన, ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే ఏడెకరాల రాతి దిబ్బ మీద. నిద్ర టెంట్‌లో. టోపీ లేకుండా బయటికొస్తే టెర్న్ పక్షులు నెత్తిన పొడుస్తాయి, రెట్ట అదనం.

మాంసానికీ ఈకలకీ వేటాడి, 19వ శతాబ్దం ముగిసేలోపే ఇక్కడ పఫిన్ అనే సముద్రపు పక్షి అన్నది లేకుండా చేశారు. 1973లో స్టీఫెన్ క్రెస్ అనే ఆయన కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి పఫిన్ పిల్లల్ని తెచ్చి, చేత్తో తవ్విన బొరియల్లో పెట్టి పెంచడం మొదలుపెట్టారు. రెక్కలొచ్చాక అవి రెండు మూడేళ్ళు సముద్రం మీదే ఉంటాయి. తిరిగొచ్చినా, తోటి పక్షులు లేనిచోట గూడు పెట్టవు. అందుకని రాళ్ళ మీద కొయ్య పఫిన్లను నిలబెట్టారు, అద్దాలూ పెట్టారు. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అమెరికాలో అద్దిల్లు వెతికే మనవాళ్ళు మొదట అడిగేది కూడా అదేగా, చుట్టుపక్కల తెలుగువాళ్ళున్నారా అని! 1977లో మొదటి పఫిన్ తిరిగొచ్చింది. జంటలు పిల్లలకి చేపలు తేవడం మాత్రం 1981లోనే కనిపించింది.

నా పని ఒక మనిషి పట్టే చెక్క పెట్టెలో గంటలకొద్దీ కూర్చుని, ఏ పక్షి ఏ చేప తెచ్చిందో రాసుకోవడం. చేప పొడవుని పక్షి ముక్కుతో పోల్చి అంచనా కడతాం. హేక్, హెర్రింగ్ లాంటి సన్నటి చేపలొస్తే ఆ రోజు ప్రాణం హాయిగా ఉంటుంది. బటర్‌ఫిష్ వస్తే టెన్షన్. అది చూడ్డానికి చందువా పిల్లలా వెడల్పుగా ఉంటుంది, పిల్ల గొంతులో దిగదు. ఇక్కడి సముద్రం వేగంగా వేడెక్కుతోంది. 2012 వేసవిలో ఈ తీరపు దీవుల్లో పిల్లలు పక్కన బటర్‌ఫిష్ పడి ఉండగానే ఆకలితో చచ్చాయి. అది నేను రాకముందు. కానీ నా మొదటి ఏడే, బొరియలో భుజం దాకా చెయ్యి దూర్చి ఒక పిల్లని తీశాను. సంచిలో వేసి తూస్తే ముల్లు సరిగ్గా కదల్లేదు. మళ్ళీ చెయ్యి పెడితే మూడు ఎండిన చేపలు తగిలాయి. ఆ రాత్రి అన్నం వండుకోబుద్ధి కాలేదు.

బతికినవాటి కాలికి నంబరున్న కడియం వేస్తాం. ఆగస్టులో ఏదో ఒక రాత్రి, తల్లిదండ్రుల తోడు లేకుండానే సముద్రంలోకి వెళ్ళిపోతాయి. అవి గూడు పెట్టే ఈడుకి రావడానికి దాదాపు అయిదేళ్ళు. నా వీసా మూడేళ్ళది. మొన్న ఒక బలమైన పిల్లకి కడియం వేసి, "దీని నంబరు మళ్ళీ కనిపిస్తే నాకు చెప్పు" అన్నాను పక్కనున్న అమ్మాయితో. మెయిన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల.

"నాది ఈ సీజన్ కాంట్రాక్టే" అంది.