ముగ్గురు అమ్మవార్లు, మా అవ్వ

పౌర్ణమి నాడు ఒక్క రోజులో ముగ్గురు అమ్మవార్లను చూసే ఆచారం మా మద్రాసు ఉత్తరపు వైపు ఉంది. పొద్దున మీంజూరు దగ్గర మేలూరులో తిరువుడై అమ్మన్, మధ్యాహ్నం తిరువొత్తియూరులో వడివుడై అమ్మన్, సాయంత్రం తిరుముల్లైవాయల్‌లో కొడియిడై అమ్మన్. వరసగా ఇచ్ఛా, జ్ఞాన, క్రియా శక్తులంటారు. పౌర్ణమి శుక్రవారం పడిందా, ఇక అవ్వను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె సంవత్సరీకం అయ్యాక అలాంటి శుక్రవారం చూసుకుని అత్తా నేనూ బయల్దేరాం.

అవ్వది నెల్లూరు. పెళ్లయి పెరంబూరు వచ్చింది. తాతయ్య చిన్న వయసులోనే పోతే జాకెట్లు కుట్టి నలుగురు పిల్లల్ని ఒక దరికి చేర్చింది. అరవం గడగడా మాట్లాడేది కానీ ఒక్క అక్షరం చదవలేదు. లోకల్ రైల్లో అత్తిపట్టు పొగగొట్టాలు, ఎన్నూరు ఉప్పునీళ్ల మీద వంతెన, ఇవే ఆమెకు బోర్డులు.

మేలూరులో దర్శనం తొందరగానే అయింది. తిరువొత్తియూరులో మాత్రం తోపులాటే. ఈ అమ్మవారిని త్రిపురసుందరి అని త్యాగయ్య ఐదు కీర్తనల్లో కొలిచాడు. "ఆయన తెలుగులో పాడితే విన్న తల్లికి నా తెలుగు తెలవదా?" అనేది అవ్వ. అందుకే గుళ్లో పైకే మాట్లాడేది, కుళాయి దగ్గర ఎదురింటావిడతో పడ్డ గొడవతో సహా. మూడో దర్శనం అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. అత్తకేమో షుగర్. డబ్బా మూత తీసి పెరుగన్నం కలుపుతూ, "అమ్మ ఉంటే నా వీపు పగిలేది" అంది.

బేసిన్ బ్రిడ్జిలో రైలు మారాం. తిరుముల్లైవాయల్ శివలింగానికి ఎప్పుడూ చందనపు పూతే. ఏనుగు కాళ్లకు చుట్టుకున్న మల్లెతీగలను తొండమాన్ రాజు కత్తితో నరికితే లింగానికి తగిలి నెత్తురొచ్చిందని కథ. గర్భగుడి ముందు రెండు జిల్లేడు స్తంభాలు. నంది స్వామికి వీపు పెట్టి కూర్చుంటాడు. "దెబ్బ మీద గంధం రాసుకున్నాడు, ఎవరికీ చూపించడు" అని అవ్వ ఈయన్ని కాస్త ఎక్కువ ఇష్టపడేది. ఆమె కుట్టుమిషన్ సూది దిగిన వేలుకు ఎప్పుడూ పసుపుగుడ్డే ఉండేది. అడిగితే "ఏం లే" అనేది.

మర్నాడు కుంకుమ పొట్లాలు పంచాలి. ఎదురింటావిడతో మాటల్లేని రోజుల్లో కూడా అవ్వ పొట్లం ఆపలేదు. అత్త మాత్రం "నేను పోను" అని భీష్మించుకుంది. నేనే పోయి ఇచ్చి, కాఫీ తాగి వచ్చాను.