ఒంటరిగా పాడిన నాలుగో చరణం

2021 ఈస్టర్‌కి మా క్వయర్ చర్చిలో పాడలేదు. మాది జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక చిన్న లూథరన్ సంఘం. కరోనా వల్ల గుంపుగా పాడటం ఆపేసి అప్పటికే నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో మా కాంటర్ గారు (చర్చిలో సంగీతం నడిపించేవారిని ఇక్కడ అలా అంటారు) అందరికీ మెయిల్ పెట్టారు. ఎవరింట్లో వాళ్లు పాడి పంపితే, అన్నీ కలిపి ఈస్టర్ ఉదయం ఆన్‌లైన్‌లో వినిపిద్దాం అని. పాట జర్మన్ స్వరకర్త బాఖ్ కూర్చిన కాంటాటా (గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే చరణాల సంగీత రచన), ‘క్రిస్ట్ లాగ్ ఇన్ టోడెస్‌బాండెన్’. క్రీస్తు మరణపు కట్లలో ఉన్నాడు అని అర్థం.

మాటలు మార్టిన్ లూథర్‌వి, 1524 నాటివి. బాఖ్ దీన్ని 1707 ప్రాంతంలో, ఇరవై రెండేళ్ల వయసులో కూర్చాడని చెబుతారు. ఏడు చరణాలు, ఏడింటికీ ఒకటే రాగవరస. ప్రతి చరణం హల్లెలూయతో ముగుస్తుంది. అయినా ఒక చరణంలా ఇంకోటి వినిపించదు. మూడో చరణం టెనర్‌ది, అంటే పై స్థాయి మగ గొంతుది. మరణానికి ఇక ఏమీ మిగల్లేదు అనే మాట దగ్గర సంగీతం మొత్తం ఒక్క క్షణం ఆగిపోతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నా ఊపిరి కూడా ఆగుతుంది.

నేను ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది స్థాయి వరస పాడతాను. గుంటూరులో మా చర్చిలో ఆల్టో, టెనర్ అంటూ ఏమీ లేవు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, పైన అచ్చువేసిన రాగం, తాళం చూసుకుని అందరం ఒకటే వరసలో పాడేవాళ్లం. ఇక్కడికి వచ్చాకే నాలుగు వరసల పాట (పై నుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్) నేర్చుకున్నాను. మామూలుగా ఆల్టో వరస మధ్యలో కలిసిపోతుంది, దాన్ని విడిగా ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఈ కాంటాటా నాలుగో చరణంలో అసలు రాగం ఆల్టోలదే. వయొలిన్లు ఉండవు. సోప్రానో, టెనర్, బాస్ చిన్న చిన్న స్వరాలతో ఒకరినొకరు తరుముతుంటే, మధ్యలో మేము పొడుగు స్వరాలు పట్టుకుని నిలబడాలి. మరణానికీ జీవానికీ జరిగిన వింత యుద్ధం, ఒక మరణం ఇంకో మరణాన్ని మింగేయడం ఆ చరణంలోని విషయం. ‘మరణము మ్రింగివేయబడెను’ అని మన తెలుగు బైబిల్లో చదివినదే. అక్కడ గొంతులు నిజంగానే ఒకదాన్నొకటి మింగుతున్నట్టు వెంటపడతాయి.

కాంటర్ గారు ఆర్గన్ వాయింపు, తన చేతి సైగలు ఉన్న వీడియో పంపారు. ఒక చెవిలో అది వింటూ, ఫోన్ ముందు పాడాలి. మొదట్లో కాంటర్ గారి సైగ చూసి ఒక్క చప్పట కొట్టాలి. అన్ని రికార్డింగులనూ ఆ చప్పుడు దగ్గర కలుపుతారు. ఆర్గన్ శ్రుతి పాతకాలపు 415 హెర్ట్జ్, ఈనాటి శ్రుతి కంటే అర స్వరం తక్కువ. నా కీబోర్డుది ఈనాటి 440. ట్రాన్స్‌పోజ్‌లో అర స్వరం దించుకుని సాధన మొదలుపెట్టాను.

మొదటి రికార్డింగ్ వెనక్కి వచ్చింది. ఆల్టోల్లో మీరొక్కరే కొంచెం ఆలస్యంగా వస్తున్నారు అన్నారు. రెండు రోజులు నా తాళమే తప్పనుకుని బాధపడ్డాను. తీరా చూస్తే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వల్ల శబ్దమే నాకు ఆలస్యంగా చేరుతోంది. వైరు ఉన్నవి కొన్నాక ఆ గొడవ పోయింది.

మాటల చివర్లు ఇంకా కష్టం. తెలుగు అజంత భాష, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. జర్మన్‌లో మాట చివర ‘ట్’ అని ఆగాలి. నేను పాడితే తెలియకుండానే చివర చిన్న ‘టు’ వచ్చేస్తుంది. పక్కపక్కన నిలబడి పాడితే అది కలిసిపోతుంది. ఇలా విడివిడిగా పాడినవి కలిపితే ఇరవై ‘ట్’లు ఇరవై చోట్ల పడతాయి. అందుకని చాలామందిని చివరి హల్లు వదిలేయమన్నారు, నన్ను కూడా. నేను మాత్రం ‘ట్’ సాధన మానలేదు.

అన్నిటికంటే బాధపెట్టింది ఒంటరితనం. పొడుగు స్వరం పట్టినప్పుడు క్వయర్‌లో వంతులవారీగా ఊపిరి తీసుకుంటాం, పాట తెగదు. ఇంట్లో, ప్రతిధ్వని రాకుండా బట్టల అలమరా తెరిచి దానికి ఎదురుగా నిలబడి పాడుతుంటే, నా ఊపిరి అయిపోయిన చోట పాట కూడా అయిపోయేది. గొంతు వణికేది. పదిసార్లు రికార్డు చేసి పదిసార్లూ తీసేశాను.

రిహార్సల్‌లో ఎప్పుడూ నా ఎడమ పక్కన నిలబడే పెద్దావిడ ఉన్నారు. నా శ్రుతి సగం ఆవిడ దగ్గర తీసుకున్నదే. మొహమాటపడుతూనే ఫోన్ చేసి, మీ రికార్డింగ్ నాకు పంపుతారా అని అడిగాను. సాయంత్రానికి పంపారు. ఆర్గన్‌తో పాటు ఆవిడ గొంతు కూడా ఎడమ చెవిలో పెట్టుకున్నాను. ఆవిడ ఊపిరి తీసుకునే చోట నేను పట్టి ఉంచాను, ఆవిడ పట్టి ఉంచిన చోట నేను తీసుకున్నాను. రెండోసారికే కుదిరింది.

ఏప్రిల్ 4 ఉదయం పదింటికి ప్రసారం. గుంటూరులో అప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర. అమ్మ తెల్లవారుజామునే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది, భోజనం చేసి ఫోన్ ముందు కూర్చుంది. నేను ఇంకో ఫోన్‌లో ఆమెతో లైన్‌లో ఉన్నాను. మొదటి చరణానికి ఏమీ అనలేదు. రెండో చరణానికి, అదే పాటేనా అమ్మా అని అడిగింది. నాలుగో చరణం వచ్చేసరికి మాటలు మానేసి, ఫోన్‌లో సన్నగా కూనిరాగం తీసింది. ఆల్టోల వరస. చివర్లో హల్లెలూయ అని గట్టిగా పాడింది, మాకంటే కొంచెం ఆలస్యంగా.