మెట్ల మలుపులో కుర్చీ

2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లోని మా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచింది; మధ్యాహ్నానికి కింది పోర్షన్ల కిటికీలను అందుకుంది. వెలగలేరు దిగువన బుడమేరు వాగు కట్టకు గండ్లు పడ్డాయని మాకు తరువాత తెలిసింది. బుడమేరు నీటిని కృష్ణలోకి పంపే మళ్ళింపు కాలువ ఉంది గానీ, ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతున్న రోజున అది ఎంత నీటిని తీసుకోగలదు? సైన్యం సాయంతో మూడో గండి పూడ్చేసరికి వినాయక చవితి వచ్చింది.

మాది రెండో అంతస్తు కాబట్టి ఇల్లు మునగలేదు. బియ్యం, పప్పు, కొవ్వొత్తులు అన్నీ ఉన్నాయి, అయినా రెండో రోజుకే తాగే నీరు అయిపోయింది. పైట్యాంకు నిండుగానే ఉండేది. పన్నెండు వాటాల వాళ్ళమూ మామూలుగా స్నానాలు చేసి, బట్టలు ఉతికి, మొదటి రోజు సాయంత్రానికే దాన్ని ఖాళీ చేశాం. కింద మోటారు స్టార్టరు మునిగిపోయింది, సంపులోకి మురుగు చేరింది. చుట్టూ అంత నీరున్నా, పడవలో వచ్చే నీళ్ళ ప్యాకెట్ల కోసం మెట్ల మీద గంటల తరబడి కూర్చున్నాం.

బురద కడుక్కోవడం పూర్తయ్యాక ముందుగా సరిదిద్దుకున్నది ఈ నీటి సంగతే. మా ఇంట్లో నలుగురం. మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున ఐదు రోజులకు 60 లీటర్లు, అంటే మూడు ఇరవై లీటర్ల టిన్నులు. తుపాను హెచ్చరిక రాగానే పైట్యాంకు నింపి, వాటాలకు వెళ్ళే వాల్వు కట్టేసి, ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే వదలాలని అందరమూ ఒప్పుకున్నాం. స్టార్టరు పెట్టెను ఎలక్ట్రీషియన్ చేత మొదటి అంతస్తు గోడకు ఎక్కించాం. కింది వాటాల మరుగుదొడ్లలోంచి మురుగు ఎదురుతన్నింది గనుక, వాటి మీద బరువు పెట్టడానికి రెండేసి ఇసుక మూటలు సిద్ధం చేశాం. మునిగిన స్కూటర్లను ఆత్రంగా స్టార్ట్ చేసి ఇంజన్లు పాడు చేసుకున్నవాళ్ళు మా దగ్గర ముగ్గురున్నారు కాబట్టి, నీట మునిగిన బండికి తాళం తిప్పకుండా మెకానిక్‌ను పిలవాలన్న మాటనూ కాగితం మీద రాసి అంటించాం.

మా అత్తగారి ఇన్సులిన్ నాకు ఎక్కువ భయం పెట్టింది. కరెంటు లేని ఆ రోజుల్లో, చల్లదనం పోయిన ఫ్రిజ్‌ను పదేపదే తెరిచి చూసుకుంటూ మందు పాడైపోతుందని ఏడ్చినంత పని చేశాను. వాడుతున్న సీసా 30 డిగ్రీలు మించని చోట ఉంటే ఫ్రిజ్ బయట కూడా దాదాపు నాలుగు వారాలు నిలుస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు ఒక చిన్న మట్టికుండ, దాని చుట్టూ కట్టే తడిగుడ్డ, పదిహేను రోజులకు సరిపడా సూదులు ఒకేచోట ఉంటాయి.

ఇంటి పని ఇంతటితో అయింది గానీ, వీధి పని తేలిగ్గా తెమలలేదు. ఎవరింట్లో ఎందరున్నారు, ఎవరు మెట్లు ఎక్కలేరు, ఎవరు రోజూ మందు వేసుకోవాలి అన్నది ఒక కాగితం మీద రాద్దామంటే, అద్దెకున్నవాళ్ళు అనుమానంగా చూశారు, సొంతింటివాళ్ళు మొహమాటపడ్డారు. వరదలో ఒక గర్భిణిని మంచం మీద పడుకోబెట్టి మోసిన ఇంటివాళ్ళే మొదట వివరాలు చెప్పారు. ఆ తరువాత మిగతావాళ్ళు నోరు విప్పారు.

ఆ జాబితాలో మొదటి పేరు మా ఎదురు ఇంటి కింది పోర్షన్‌లో ఉండే రిటైర్డు మాస్టారిది. ఆయనకు మోకాళ్ళు వంగవు. ఒక ఆదివారం ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో నడుము దగ్గర కట్టి, మా రెండో అంతస్తుకు మోసి చూశాం. మెట్ల మలుపులో కుర్చీ చేయి గోడకు, పిల్లల సైకిలుకు మధ్య ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

"ఏమ్మా, నన్ను ఇక్కడే కాపురం పెట్టిస్తారా?" అన్నారాయన.

"కాస్త ఓర్చుకోండి మాస్టారూ, సైకిలు తీస్తున్నారు" అన్నాను గానీ, చీకట్లో, నీరు పెరుగుతుండగా ఇలా జరిగితే ఏమిటన్న ఆలోచనతో నా చేతులు వణికాయి. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రమే మలుపులోని సైకిళ్ళు, పూలకుండీలు, పాత పరుపు అన్నీ కిందికి దింపించాం. చేతులు లేని కుర్చీ ఒకటి కొని అక్కడే గోడకు తగిలించాం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటుతుందని చెప్పినప్పుడు, ఆ మధ్యాహ్నమే వాల్వు కట్టేశాం, జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం, వెలుగుండగానే మాస్టారిని పైకి తెచ్చాం. ఈసారి నాలుగు నిమిషాలు పట్టింది. రాత్రంతా గాలీ వానా ఉన్నాయి గానీ, వీధిలోకి నీరు రాలేదు. అనవసరంగా హడావిడి చేశారని తెల్లారాక ఇద్దరు ముగ్గురు అన్నారు. మాస్టారు మాత్రం మా ఇంట్లో రెండోసారి కాఫీ తాగి, దించేటప్పుడు కుర్చీని కాస్త వెనక్కి వాల్చి పట్టుకోమని మా అబ్బాయికి చెప్పారు.

నిన్న చూస్తే మలుపులోకి ఒక పూలకుండీ మళ్ళీ వచ్చి చేరింది. ఎవరిదో కనుక్కుని ఆదివారంలోగా తీయించాలి.