ఎర్రలైటు, ఎర్త్ పిట్

అనంతపురంలో మేముంటున్న ఇల్లు 1996లో కట్టినది. గత ఏడాది మార్చిలో కరెంటు కారు కొన్నప్పుడు, దానితోపాటు వచ్చిన చిన్న చార్జరును వరండాలోని 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే పని పూర్తవుతుందని అనుకున్నాను. మొదటి రాత్రే చార్జరు మీద ఎర్రలైటు వెలిగింది, కారు ఒక్క యూనిట్ కూడా తీసుకోలేదు. అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేస్తున్నందువల్ల, లోపం చార్జరుదేనని తీర్మానించుకొని షోరూముకు రెండుసార్లు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. చివరకు తేలిందేమిటంటే, మా ఇంటికి పేరుకే తప్ప ఎర్తింగ్, అంటే దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు, లేదు.

ఇస్త్రీపెట్టెకు కరెంటు తెచ్చే ఫేజు తీగ, దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ తీగ అందితే చాలు, ఎర్త్ ఉన్నా లేకున్నా వేడెక్కుతుంది. చార్జరు మాత్రం కారుకు కరెంటు వదలడానికి ముందే ఎర్త్ ఉందో లేదో పరీక్షించుకుంటుంది. రబ్బరు టైర్ల మీద నిలిచిన అంత పెద్ద ఇనుప డొక్కులోకి ఎక్కడైనా కరెంటు దిగితే, దానికి నేలలోకి పోయే దారి ముందే ఉండాలి. లేకపోతే తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి తలుపు తీసే మనిషే ఆ దారి అవుతాడు.

మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పి చూసి, “సార్, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న లూప్ ఇస్తే పచ్చలైటు వస్తాది, ఐదు నిమిషాల పని” అన్నాడు. అతడు చెప్పినట్టే పచ్చలైటు వచ్చేది కూడా. అయితే స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తీగ తెగిన రోజున, ఇంట్లో వెలుగుతున్న ఏ బల్బు గుండానో 230 వోల్టులు ఆ లూప్ మీదుగా నేరుగా కారు ఒంట్లోకి వస్తాయి. గాలివానకు న్యూట్రల్ తెగి మా వరుసలో మూడు ఇళ్ల టీవీలు కాలిపోయిన సంగతి ఇంకా మరచిపోలేదు కనుక, నేను ఒప్పుకోలేదు.

ఎర్త్ తీగను నేలతో కలిపే గుంటనే ఎర్త్ పిట్ అంటారు. పాతదాని కోసం వాకిట్లో పరచిన తాడిపత్రి నాపరాళ్లు రెండు లేపించాము. ఉప్పు, బొగ్గు పోసి పాతిన ఇనుప పైపు సగం తుప్పుపట్టి రాలిపోయి ఉంది. నిజానికి ఎర్త్ పిట్‌ను బాగు చేస్తుందని మనం పోసే ఉప్పే కొన్నేళ్లకు పైపును తినేస్తుంది. కొత్తది తవ్వడం మొదలుపెడితే మూడడుగుల ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఐదో అడుగుకే బండ. ఎనిమిది అడుగుల పైపు నిలువుగా దిగే వీలు లేకపోవడంతో, దూరందూరంగా రెండు గుంటలు తీయించి, రెండు పైపులనూ రాగి పట్టీతో కలిపించాను. చుట్టూ ఉప్పుకు బదులు తేమను పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి నింపారు. ఎర్త్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్ అనే పరికరం పెట్టి చూస్తే 4 ఓములు వచ్చింది. ఇది ఎంత తక్కువైతే కరెంటు నేలలోకి అంత సులువుగా పోతుంది, సాధారణంగా 5 లోపు ఉంటే మంచిదంటారు.

గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జరు పెట్టుకొమ్మని చాలామంది చెప్పారు. అది 32 ఆంపియర్లు లాగుతుంది, మా ఇంటికి మంజూరైన లోడు 3 కిలోవాట్లే. నేను రోజూ తాడిపత్రికి వెళ్లి వచ్చేది సుమారు 110 కిలోమీటర్లు, దానికి ఖర్చయ్యేది 16 యూనిట్లకు అటూ ఇటూ. 3 కిలోవాట్ల చిన్న చార్జరుతోనే అది ఆరు గంటలలో నిండిపోతుంది కనుక పెద్దది నాకు అనవసరమనిపించింది. ఏసీ కూడా నడవాలి కాబట్టి లోడును 5 కిలోవాట్లకు పెంచమని దరఖాస్తు చేశాను. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే కారును చార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలలో ఉంది, అందువల్ల వేరే మీటరు జోలికి పోలేదు.

డబ్బు ఖర్చు పెట్టవలసింది తీగ మీద, సాకెట్ మీద. మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను విడిగా లాగించి, దానికి లోడు మించితే ఆగిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించాను. మామూలు సాకెట్ గీజరును అరగంట మోయగలదు గానీ, రాత్రంతా అదే భారం మోయమంటే లోపలి పట్టు వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీలలో వాడే నీలిరంగు సాకెట్ బిగించాము.

మే నెలలో మళ్లీ కొలిస్తే 4 ఓములు కాస్తా 9 అయింది. వానలు అంతంతమాత్రమైన మా నేలలో ఎండకాలం వస్తే లోతు దాకా తేమ ఉండదు. ఏసీ నీళ్ల గొట్టాన్ని గుంటలోకి మళ్లించి చూశాను గానీ, ఇక్కడి పొడిగాలికి దానినుంచి కారేది రోజుకు రెండు చెంబులు కూడా లేదు. ఇప్పుడు ఆదివారం ఉదయం గుంటకు రెండేసి బిందెల నీళ్లు పోస్తున్నాము.